గాలికి అద్దె లేదు, గాలిమరకు వడ్డీ ఉంది

ఈ మధ్య మన పల్లెల్లో ఒక రంగుల కరపత్రం తిరుగుతోంది. డాబా మీద మూడు రెక్కల చిన్న గాలిమర, కింద వెలుగుతున్న బల్బులు, తిరుగుతున్న పంకా, నవ్వుతున్న సంసారం. మీ ఇంటికి మీరే కరెంటాఫీసు, ఇక బిల్లు సున్నా అని పెద్దక్షరాలు. వెనక పక్కన చిన్నక్షరాల్లో వాయిదాల లెక్క. పూసపాటిరేగ వైపు ఒక పల్లెలో ఆ కాగితం నా చేతికిచ్చి, నాట్లు వేసి వస్తున్న ఒక ముసలమ్మ అడిగింది: "నీళ్ళు అమ్మేసినారు. ఇప్పుడు గాలి కూడా అమ్ముతన్నారేటి బాబూ?"

అమ్మేది గాలి కాదు, మర. గాలికి అద్దె లేదు. మరకు ధర ఉంది, ధరకు అప్పు ఉంది, అప్పుకు వడ్డీ ఉంది. కాబట్టి కూలి చేసుకు బతికేవాళ్ళూ, ఎకరం అరెకరం కౌలుకు చేసేవాళ్ళూ ఆ కాగితం మీద వేలిముద్ర వేసే ముందు లెక్క చూసుకోవాలి. ఆ లెక్కకు పెద్ద చదువు అక్కర్లేదు. కళ్లంలో చేట పట్టినవాళ్ళకు సగం ముందే తెలుసు.

ఈ మర గురించి అడుగుతున్నవాళ్ళు మూడు రకాలు. ఒకరు సాలూరు, పాచిపెంట కొండల మీద పది ఇళ్ళు, పదిహేను ఇళ్ళ గూడేలవాళ్ళు. ఆ మండలాలు 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి పోయాయి గానీ మనుషులు మనవాళ్ళే. అక్కడ కరెంటు స్తంభం ఆలస్యంగా ఎక్కిన గూడేలున్నాయి, ఇంకా ఎక్కని గూడేలూ ఉన్నాయి. 2018 ఏప్రిల్ 28న దేశంలో కరెంటు లేని గ్రామం లేకుండా చేశామని కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. అయితే ఆ ప్రకటన వెనకున్న నిబంధన ఏమిటంటే, ఊళ్ళో నూటికి పది ఇళ్ళకూ, బడిలాంటి చోట్లకూ కరెంటు చేరితే చాలు, ఊరంతా చేరినట్టే లెక్క. కొండ కింద ఉన్న ఊరికి లైను వస్తే, అదే పంచాయతీలో కొండ మీదున్న గూడెం కూడా కాగితం మీద వెలిగిపోతుంది.

రెండోరకం, లైను ఊళ్ళోకి వచ్చినా తాము ఊరికి దూరంగా ఉన్నవాళ్ళు. సరుగుడు తోటలో కాపలా ఉండే కుటుంబం, జీడితోటలో పాక వేసుకున్న కౌలుదారు, ఒడ్డున వలలు చూసుకునే మత్స్యకారులు. ఒక్క పాక కోసం ఐదారు స్తంభాలు వేయమంటే ఖర్చు మీరే కట్టుకోండి అంటారు.

మూడోరకం మనందరం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖపట్నం నుంచి ఇటు శ్రీకాకుళం దాకా స్తంభాలు గడ్డిపరకల్లా పడిపోయాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరినీ, జీడినీ తుడిచిపెట్టింది. రెండుసార్లూ చాలా పల్లెలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. చీకటి ఒక్కటే అయితే ఓర్చుకోవచ్చు. మోటారు తిరగక ట్యాంకులోకి నీళ్ళెక్కలేదు, ఫోను పనిచేయక బిడ్డ ఎక్కడున్నాడో తెలియలేదు. జనరేటరు ఉన్నవాడు ఫోను ఛార్జింగుకు ఇంతని వసూలు చేసుకున్నాడు. ఆ రోజులు గుర్తున్న మనిషికి సొంత కరెంటు అనే మాట తియ్యగా వినపడడంలో తప్పేమీ లేదు.

ఇక గాలి సంగతి. గాలిమర నుంచి వచ్చే కరెంటు గాలి వేగాన్ని బట్టి పెరుగుతుంది. కానీ రెట్టింపు గాలికి రెట్టింపు కరెంటు అనుకుంటే పొరపాటు. రెట్టింపు గాలికి ఎనిమిది రెట్లు వస్తుంది. మూడు రెట్ల గాలికి ఇరవై ఏడు రెట్లు. వేగాన్ని వేగంతో, మళ్ళీ వేగంతో హెచ్చవేయాలి. ఇది ప్రకృతి నియమం, ఎవరి దయాదాక్షిణ్యమూ కాదు. దీన్నే తిరగేసి చూడండి: గాలి సగమైతే కరెంటు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. కరపత్రం దాచిన గుట్టంతా ఇందులోనే ఉంది.

కరపత్రంలో ఒక కిలోవాట్ మర అని ఉంటుంది. కిలోవాట్ అంటే వెయ్యి వాట్లు. అంటే గంట తిరిగితే ఒక యూనిట్, ఇరవై నాలుగు గంటలకు ఇరవై నాలుగు యూనిట్లు కదా అని ఏజెంటు వేళ్ళ మీద లెక్కగడతాడు. కానీ ఆ వెయ్యి వాట్లు ఏ గాలికి? సామాన్యంగా సెకనుకు పదకొండు మీటర్ల గాలికి. అంటే గంటకు 40 కిలోమీటర్లు. ఆ గాలి ఎలా ఉంటుందో చెబుతాను. పెద్ద కొమ్మలు ఊగుతాయి, కరెంటు తీగలు ఈల వేస్తాయి, గొడుగు పట్టుకుని నడవడం కష్టం. అలాంటి గాలి మన ఊళ్ళో ఏడాదికి ఎన్ని గంటలు వీస్తుందో మీరే చెప్పండి.

గంటకు 20 కిలోమీటర్ల గాలి, అంటే రోడ్డు మీద దుమ్మూ కాగితం ముక్కలూ లేచే గాలి, దానికి సగం. అదే మర ఆ గాలికి ఇచ్చేది వెయ్యి కాదు, ఐదువందలూ కాదు, సుమారు 125 వాట్లు. గంటకు 13 కిలోమీటర్ల గాలి, అంటే ఆకులూ చిన్న రెమ్మలూ ఆగకుండా కదిలే గాలి, దానికి మూడోవంతు. అప్పుడు వచ్చేది 37 వాట్లు. ఆకులు గలగలమని అప్పుడప్పుడు కదిలే గాలికి చాలా మరలు అసలు తిరగవు. తిరిగినా బ్యాటరీలోకి పోయేదేమీ ఉండదు. రెక్కలు తిరుగుతున్నాయి కాబట్టి కరెంటు వస్తోందనుకోకూడదు. తాటాకు గిరక పట్టుకున్న గుంటడు గాలి లేకపోతే తనే పరిగెత్తి తిప్పుకుంటాడు. మన డాబా పరిగెత్తదు.

ఇంకొక పరిమితి కూడా ఉంది. రెక్కలకు తగిలిన గాలిలో ఉన్న శక్తినంతా లాగేసే మర లోకంలో లేదు. నూటికి 59 పాళ్ళకు మించి ఏ మరా తీయలేదని శాస్త్రం వంద సంవత్సరాల కిందటే తేల్చింది. చిన్న మరలు అందులో సగం తీస్తే గొప్ప. కాబట్టి మాది కొత్త డిజైను, తక్కువ గాలికే ఎక్కువ కరెంటు అని ఎవరైనా అంటే రెక్కల చుట్టుకొలత అడగండి. రెక్క ఎంత వెడల్పున గాలిని పట్టుకుంటే అంత కరెంటు. చిన్న చేటతో పెద్ద రాశిని తూర్పారబట్టలేం. డ్రమ్ములాగా నిలువుగా తిరిగే మరలు కొన్ని చూపిస్తున్నారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి గానీ, అదే సైజు మూడు రెక్కల మరతో పోలిస్తే సామాన్యంగా వాటి రాబడి తక్కువ.

మరి మన దగ్గర గాలి ఎంత? దీనికి చెన్నైలోని జాతీయ పవనశక్తి సంస్థ వేసిన పటాలున్నాయి. వాటిని చూస్తే రాష్ట్రంలో గాలి సంపద అంతా రాయలసీమ వైపే. అనంతపురం, కర్నూలు, కడప మెట్టల మీద కనిపించే పెద్ద మరలు ఊరికే అక్కడ పుట్టలేదు. రామగిరి గుట్టల మీద 1990లలోనే మరలు లేచాయి. నేడు రాష్ట్రంలో గాలి కరెంటు సామర్థ్యం నాలుగు వేల మెగావాట్ల పైచిలుకు ఉంటే దాదాపు అంతా ఆ జిల్లాలదే. విజయనగరం, శ్రీకాకుళం పేర్లు ఆ జాబితాలో కనపడవు.

పటం మాట పక్కన పెట్టి మన కళ్లాల్ని అడుగుదాం. మార్గశిరం, పుష్యం నెలల్లో వరి నూర్చి తూర్పారబట్టేటప్పుడు ఏం చేస్తాం? చేట ఎత్తి పట్టుకుని గాలి కోసం చూస్తాం. పొద్దెక్కితే గాని కదలదు. ఒక్కోరోజు కదలనే కదలదు, రాశి పక్కనే కూర్చుని చుట్ట కాల్చుకోవడమే. పొట్టు ఎగరడానికే దొరకని గాలి మరను తిప్పుతుందా? శీతాకాలపు రాత్రుళ్ళు మన లోపలి పల్లెల్లో, గజపతినగరం, బొబ్బిలి, రాజాం వైపు, పొయ్యి పొగ నిలువుగా లేస్తుంది. దీపం కావాల్సింది సరిగ్గా ఆ రాత్రుళ్ళే.

అయితే ఏడాదంతా ఇంతే అంటే అదీ అబద్ధమే. జ్యేష్ఠం వెళ్ళి ఆషాఢం వచ్చేసరికి గాలి మారుతుంది. ఆషాఢ గాలి పాకల కప్పు రేపుతుందని ఎవరికి తెలీదు? ఆ రెండు మూడు నెలలూ మబ్బు పట్టి సోలార్ పలకల రాబడి తగ్గుతుంది, అప్పుడే గాలి పెరుగుతుంది. సముద్రం ఒడ్డున సంగతి ఇంకా వేరు. భోగాపురం మండలం ముక్కాం నుంచి పూసపాటిరేగ మండలం కోనాడ, చింతపల్లి దాకా, ఎండాకాలంలో మధ్యాహ్నం దాటితే సముద్రపు గాలి లేస్తుంది. రోజూ ఐదారు గంటలు దుమ్ము లేపే గాలి దొరికే చోట ఆ కిలోవాట్ మరే ముప్పాతిక యూనిట్ దాకా ఇస్తుంది. అది ఒక పేదింటికి సరిపోయే కరెంటు.

ఎందుకంటే పేదింటికి కావాల్సింది ఎంతో చూడండి. తొమ్మిది వాట్ల బల్బులు నాలుగు, ఐదు గంటలు. కొత్తరకం తక్కువ కరెంటు పంకా ఒకటి, రాత్రి పది గంటలు. రెండు ఫోన్లు. అంతా కలిపితే అర యూనిట్. టీవీ, మిక్సీ, మోటారు పంపు అంటే లెక్క మారిపోతుంది. ఆ ఆశ పెట్టేవాడు మనల్ని ముంచేవాడు.

ఈ అర యూనిట్ ఏ దారిలో వస్తే మనకు తక్కువ ఖర్చు, తక్కువ తలనొప్పి అన్నదే అసలు ప్రశ్న. గాలిమర, దానికి తగిన స్తంభం, తీగలు, బ్యాటరీ, నియంత్రణ పెట్టె కలిపితే లక్ష రూపాయలకు పైమాటే. 2025–26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. లక్ష రూపాయలంటే 325 రోజుల కూలి. ఏడాదికి నూరు రోజుల పని నిండుగా దొరికి, ఒక్క పైసా తినకుండా దాచుకుంటే మూడేళ్ళు దాటుతుంది. వడ్డీ ఇంకా కలపలేదు. అదే అర యూనిట్ రెండువందల వాట్ల సోలార్ పలక ఒకటి ఇస్తుంది, దాని ధర ఇందులో చిన్న భాగం. అందులో తిరిగే భాగం లేదు, అరిగే బేరింగు లేదు. పన్నెండు, పదిహేను కిలోల బరువు, ఒక మనిషి భుజాన వేసుకుని కొండెక్కవచ్చు.

బ్యాటరీ మాత్రం రెండింటికీ కావాలి, ఈ మాట ఏజెంటు మెల్లగా అంటాడు. మామూలు ఇన్వర్టరు బ్యాటరీ పన్నెండు వోల్టుల 150 ఆంపియర్లదైతే లెక్క ప్రకారం అందులో 1.8 యూనిట్లు పడతాయి. కానీ సగం కంటే ఎక్కువ వాడితే దాని ఆయుష్షు తరిగిపోతుంది. మూడేళ్ళకో, నాలుగేళ్ళకో మళ్ళీ కొనాలి. బిల్లు సున్నా అన్నవాడు ఈ బిల్లు చెప్పడు.

కొండ మీదివాళ్ళకు ఇంకో మాట. ఒకసారి గిరిజన సోదరుడొకాయన నాతో వాదించాడు: "మా కొండ మీద గాలికి లోటేటి బాబూ, కింద మీకు లేదు గాని." నిజమే, శిఖరం మీద గాలి ఉంటుంది. కానీ గూడెం శిఖరం మీద ఉండదు. నీళ్ళ చెలమ దగ్గర, చెట్ల చాటున, కొండ పొట్టలో ఉంటుంది. అక్కడ గాలి సుడి తిరుగుతుంది, ఒకపక్క నుంచి వీయదు. సుడిగాలిలో మర ఇటు తిరిగి అటు తిరిగి కరెంటు ఇవ్వకుండానే అరిగిపోతుంది. చుట్టూ మూడువందల అడుగుల్లో ఉన్న చెట్టు కంటే, ఇంటి కంటే ముప్పై అడుగులు ఎత్తున మర ఉండాలని ఈ పనివాళ్ళ సూత్రం. పనస చెట్ల మధ్య అది ఎంత పొడవు స్తంభమో ఊహించుకోండి. నిండు గర్భిణిని డోలీ కట్టి దించే దారిలో అంత ఇనుప స్తంభాన్ని ఎవరు మోస్తారు? మోసినా, బేరింగు పోయిన రోజు దాన్ని బాగుచేసే మనిషి ఏ ఊళ్ళో ఉన్నాడు?

కొండకు గాలి కంటే గెడ్డ మేలు. మనకు సరిహద్దు దాటితే కోరాపుట్ జిల్లా. అక్కడ దేవమాలి కొండల్లో పుట్‌సిల్ అనే గిరిజన గ్రామంలో 1999లోనే వాగునీటిని గొట్టంలోంచి దించి చిన్న యంత్రంతో ఊరికి కరెంటు చేసుకున్నారు. నీరు రాత్రీ పగలూ పారుతుంది కాబట్టి బ్యాటరీ బెడద తక్కువ. వేసవిలో ఎండిపోని గెడ్డలున్న మన గూడేలకు ఇది గాలిమర కంటే దగ్గరి దారి. గెడ్డ లేని చోట సోలార్. 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్ పథకంలో, సవర, గదబ వంటి బాగా వెనకబడ్డ ఆదివాసీ తెగల గూడేలకు లైను వేయడం కుదరనిచోట ఇంటికి 50 వేల రూపాయల దాకా సోలార్ ఏర్పాటుకు కేటాయింపు ఉంది. మన గూడేలవాళ్ళు అప్పు పత్రం మీద కాదు, ఆ పథకం అర్జీ మీద సంతకం చేయాలి. ఏ గూడెం జాబితాలో ఉంది, ఏది లేదు అని పంచాయతీ వారీగా అడిగి రాయించుకోవాలి.

ఇదంతా చదివి గాలిమర అంటేనే మోసమని ఎవరైనా అనుకుంటే నేను చెప్పింది సరిగా చేరలేదన్నమాట. గాలితో పల్లెలు వెలిగిన చరిత్ర లోకంలో ఉంది. డెన్మార్క్‌లో 1891లో పాల్ లా కూర్ అనే ఉపాధ్యాయుడు అస్కోవ్ అనే ఊళ్ళో రైతుబిడ్డలు చదివే బడి దగ్గర గాలిమరతో కరెంటు తీశాడు. ఆయన అక్కడితో ఆగలేదు. పల్లె కుర్రాళ్ళను చేర్చి కరెంటు పని నేర్పించాడు. 1973లో చమురు ధరలు మండిపోయాక ఆ దేశంలోనే ఇరుగుపొరుగువాళ్ళు వాటాలు వేసుకుని మరలు కట్టుకున్నారు. మన చీపురుపల్లిలో గ్రామీణ విద్యుత్ సహకార సంఘం దశాబ్దాల పాటు లైన్లు నడిపిన సంగతి పెద్దలకు తెలుసు. కలిసి కరెంటు నడపడం మనకేమీ కొత్త కాదు.

చైనాలోని లోపలి మంగోలియా గడ్డిభూముల్లో గొర్రెల కాపరులకు 1980లలో వంద వాట్లు, రెండువందల వాట్ల చిన్న మరలు ప్రభుత్వమే పూనుకుని చేరవేసింది. మొత్తం లక్షకు పైగా మరలు. ఒక బల్బు, ఒక రేడియో, తర్వాత ఒక టీవీ. అక్కడ చెట్టు లేదు, గుట్ట లేదు, గాలి ఎదురులేకుండా వీస్తుంది. అయినా గాలి తగ్గే కాలం కోసం తర్వాత్తర్వాత సోలార్ పలకలు కూడా జతచేసుకున్నారు.

ఆఫ్రికాలోని మలావీ దేశంలో విలియం కామ్‌క్వాంబా అనే పద్నాలుగేళ్ళ రైతుబిడ్డ కథ చాలామంది వినే ఉంటారు. 2001–02 కరువులో ఫీజు కట్టలేక బడి మానేశాడు. ఊళ్ళోని చిన్న గ్రంథాలయంలో పుస్తకం చూసి, పాత సైకిలు, ట్రాక్టరు పంకా, ప్లాస్టిక్ గొట్టాలు, నీలగిరి కర్రలు, సైకిలు డైనమోతో గాలిమర కట్టి ఇంట్లో బల్బులు వెలిగించాడు. ఊరివాళ్ళు మొదట పిచ్చివాడన్నారట. ఈ కథ చెప్పి మన కుర్రాళ్ళను ఉత్సాహపరచవచ్చు, నేనూ చెబుతుంటాను. కానీ ఏజెంట్లు కూడా ఇదే కథ చెప్పి మర అమ్ముతున్నారు. ఆ కుర్రాడు కొనలేదు, కట్టాడు. చెడితే తనే బాగుచేసుకున్నాడు. అప్పు లేదు. తేడా అక్కడుంది.

మన దేశంలో చిన్న గాలిమరలకు, గాలీ సోలారూ కలిపిన ఏర్పాట్లకు కేంద్రం సబ్సిడీ పథకం ఒకటి నడిపింది. 2017 మార్చితో దాని గడువు ముగిసింది. అన్నేళ్ళలో దేశం మొత్తం మీద వచ్చింది మూడు మెగావాట్ల పైచిలుకు. రాయలసీమలో ఈనాడు నిలబెడుతున్న పెద్ద మరలు రెండు చాలు, ఆ లెక్క దాటిపోతుంది. పెద్ద కంపెనీకి ఇరవై ఐదేళ్ళు ఇంత ధరకు కొంటామని ఒప్పందం రాసిచ్చారు. గాలి కొలిచి పెట్టారు, కొండదాకా రోడ్డు వేసుకోనిచ్చారు, లైను ఇచ్చారు. సరుగుడు తోటలో పాకకు మాత్రం గాలి కొలిచి చెప్పే నాథుడు లేడు. అదే గాలి, అదే రాష్ట్రం. చిన్నవాడికి గాలి కొలిచిపెట్టడం, మర బాగుచేసే పని మన ఐటీఐ కుర్రాళ్ళకు నేర్పడం, పరీక్ష నెగ్గిన మరల జాబితా ప్రతి మండలాఫీసులో అంటించడం, వీటికి వేల కోట్లు అక్కర్లేదు. అడగవలసినవి ఇవి.

ఇక తీరంలో ఉండి, ఎదురుగా సముద్రమే తప్ప అడ్డం లేని చోట ఉండి, గాలి మీద నమ్మకమున్నవాళ్ళ మాట. కొనే ముందు ఏడాది ఆగండి. మర పెట్టాలనుకున్న చోట పొడవాటి వెదురు పాతి గుడ్డ పేలిక కట్టండి. బడికి పోయే పిల్లవాడి చేత పొద్దున, మధ్యాహ్నం, రాత్రి పడుకోబోయే ముందు రాయించండి: పేలిక వేలాడిందా, కదిలిందా, నిటారుగా ఎగిరిందా, దుమ్ము లేచిందా. నెలకోసారి కూడండి. ఒడ్డున సరుగుడు చెట్లను చూడండి. కొమ్మలన్నీ ఊరివైపుకే వంగి పెరిగి ఉంటే అక్కడ గాలి ఏళ్ళ తరబడి నిలకడగా వీస్తోందని చెట్టే సాక్ష్యం చెబుతుంది. అన్ని వైపులా సమానంగా పెరిగితే ఆ సాక్ష్యం లేదు. మర అమ్మేవాడి మాట కంటే ఈ చెట్టు మాట నేను నమ్ముతాను.

ఏడాది తర్వాత కూడా మనసు మారకపోతే నలుగురైదుగురు కలిసి ఒక మర పెట్టుకోండి, దానికి తోడు సోలార్ పలకలు పెట్టండి. ఎండ ఉన్న నెలల్లో పలక, ఆషాఢ శ్రావణాల్లో మర. గంటకు 20 కిలోమీటర్ల గాలికి ఎన్ని వాట్లు ఇస్తుందో కాగితం మీద రాసివ్వమని అడగండి, 40 కిలోమీటర్ల లెక్క వద్దనండి. జాతీయ పవనశక్తి సంస్థ జాబితాలో ఆ మర ఉందా అని అడగండి. ఇప్పటికే నడుస్తున్న చోటికి తీసుకెళ్ళి చూపించమనండి, అదీ పుష్యమాసంలో. డాబా మీద మాత్రం పెట్టనివ్వకండి. మర అదురు గోడల్లోకి దిగి కాలనీ ఇల్లు బీటలు వారుతుంది, ఇంటి కప్పు మీద సుడిగాలి వేరే. బ్యాటరీ నిండాక మిగిలిన కరెంటును కాల్చేసే ఏర్పాటు ఉందా అన్నది తప్పక చూడండి. అది లేకపోతే భారం తగ్గిన మర అదుపు తప్పి తిరుగుతుంది, విప్పదీసిన ఎడ్లలాగా. ఉప్పుగాలికి ఇనుము ఎంత త్వరగా పొట్టుగా రాలుతుందో ఒడ్డున ఉన్నవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. స్తంభానికీ, బోల్టులకూ జింకు పూత ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యం తుఫాను. హుద్‌హుద్ తీరం దాటినప్పుడు గాలి గంటకు 170 నుంచి 180 కిలోమీటర్లు. మనం మామూలుగా చూసే 18 కిలోమీటర్ల గాలికి పదిరెట్లు. గాలి పదిరెట్లయితే మర మీద పడే తోపు నూరురెట్లు. తుఫాను వస్తే కరెంటే కరెంటు అని నవ్వులాటకు అనుకుంటారు గానీ, ఆ గాలిలో తిరిగే రెక్క తెగితే అది కత్తి, ఎవరింటి మీద పడుతుందో తెలియదు. తుఫాను గాలితో కరెంటు తీయలేం. తుఫాను పోయాక చీకటి రోజుల్లో వాడుకోవడానికి మరను కాపాడుకోగలమంతే.

అందుకని అడుగున కీలు ఉండి, తాడు వదిలితే నేల మీదికి వాలే స్తంభమే కొనాలి. నాలుగు వైపులా ఉక్కుతాళ్ళు, వాటికి కాంక్రీటు దిమ్మెలు. కళింగపట్నం, భీమునిపట్నం రేవుల్లో ప్రమాద సూచిక ఎగరేశారని రేడియోలో విన్న రోజునే పొద్దుండగా దించేయాలి. ముందు మరకు బ్రేకు వేసి రెక్కలు ఆపాలి. తర్వాత ఇద్దరు తాడు పట్టాలి, ఒకరు స్తంభం పక్కన నిలబడాలి, ఇంకొకరు పిల్లల్ని దూరంగా ఉంచాలి. వాలిన మర రెక్కలు విప్పి పాకలోకి చేర్చి, బ్యాటరీని నీరు చేరని ఎత్తులో పెట్టి, తీగ చివరలకు గుడ్డ చుట్టాలి. సోలార్ పలకలను కూడా విప్పుకోవచ్చు, అవి నాలుగు బోల్టుల పని. ఈ దించే పని తుఫాను రోజు మొదటిసారి చేయకూడదు. భాద్రపదంలోనే, గాలి లేని ఒక పొద్దున, ఇంటి ఆడవాళ్ళతో సహా అందరూ ఒకసారి దించి, మళ్ళీ ఎత్తి చూసుకోవాలి. మగవాళ్ళు వేటకో, వలస పనికో పోయిన రోజున తుఫాను వస్తే తాడు పట్టేది వాళ్ళే.